మత్తు ఒక్కసారి, ఆపరేషన్లు మూడు.. బిల్లు ఎన్నింటికి?

సిద్దిపేట: గర్భసంచి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరిన మహిళ డిశ్చార్జి రోజున కుటుంబం చేతికి వచ్చే బిల్లులో ఒక్కోసారి రెండు మూడు ఆపరేషన్ల పేర్లు కనిపిస్తాయి. గర్భసంచి తొలగింపు, అండాశయంలో సిస్ట్ తీయడం, లోపలి అతుకులు విడదీయడం.. ప్రతిదానికీ వేరే ఛార్జీ. మత్తు ఇచ్చింది ఒక్కసారే, ల్యాప్రోస్కోపీ కోసం పెట్టిన రంధ్రాలు అవే, బెడ్డు అదే. మరి మూడింటికీ పూర్తి డబ్బు కట్టాలా? ఈ మాట అడగడానికి చాలామంది మొహమాటపడతారు. గల్ఫ్ నుంచి కొడుకు పంపిన డబ్బో, కూతురి నిఖా కోసం దాచిన బంగారమో కౌంటర్ దగ్గరే అయిపోతుంది.

మన ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అంటే దేశ సగటుకు రెట్టింపు కన్నా ఎక్కువే.

ప్రభుత్వ పథకాల్లో దీనికో లెక్క ఉంది. తెలంగాణ 2021లో చేరిన ఆయుష్మాన్ భారత్‌లో ఒకే సిట్టింగ్‌లో పలు ఆపరేషన్లు చేస్తే, అన్నిటికన్నా పెద్ద ప్యాకేజీకి 100 శాతం, రెండోదానికి 50, మూడోదానికి 25 శాతం మాత్రమే చెల్లిస్తారు. లెక్క కోసం మూడు ప్యాకేజీలు 40 వేలు, 20 వేలు, 12 వేలు అనుకుందాం. విడివిడిగా వేస్తే 72 వేలు. ఈ పద్ధతిలో 40, 10, 3 కలిపి 53 వేలే.

అమెరికా మెడికేర్‌లోనూ ఇదే ఆలోచన. హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ ఉద్యోగం చేసే మన పిల్లలకు ఇది రోజూ చేసే పనే. ల్యాప్రోస్కోపీతో గర్భసంచితో పాటు ట్యూబులు, అండాశయాలు తీస్తే అక్కడ అంతా కలిపి ఒకే కోడ్. ఆపరేషన్‌కు ముందు లోపల కెమెరాతో చూసినందుకు విడిగా డబ్బు రాదు. నిజంగా వేరే ఆపరేషన్ అయితే రెండోదానికి సాధారణంగా సగమే ఇస్తారు.

నగదు కట్టి ప్రైవేటులో చేయించుకునేవారికి మాత్రం ఈ శాతాలు వర్తించవు. అక్కడ ముందే మాట్లాడుకున్నదే లెక్క. అలాగని రెండో ఛార్జీ పడ్డ ప్రతిసారీ మోసం అనలేం. హెర్నియా కూడా సరిచేసినా, ఎండోమెట్రియోసిస్ పేగుల దాకా పాకి ఆపరేషన్ గంటల తరబడి సాగినా డాక్టర్‌కు అది నిజంగా అదనపు పనే. కాబట్టి అడగాల్సింది ఒక్కటే: బిల్లులోని రెండో లైను వేరే పనా, మొదటి పనిలో భాగమా?

డబ్బు కన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. "ఎలాగూ లోపలికి వెళ్తున్నాం, అవి కూడా తీసేద్దాం" అనే మాట. వయసులో ఉండగానే రెండు అండాశయాలూ తీసేస్తే నెలసరి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల మహిళకు పరీక్ష కోసం ల్యాప్రోస్కోపీ చేస్తూ, ఆమె మత్తులో ఉండగానే తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ఆ అనుమతి చెల్లదని చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు స్పృహలో ఉండి నిర్ణయించుకోగల మహిళ సమ్మతి ఆమెదే కావాలని, పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు పనికిరాదని తేల్చింది. ఆ సర్జరీకి డాక్టర్ ఫీజు దక్కకుండా చేసి, 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. 2023 ఏప్రిల్‌లో అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా సుప్రీంకోర్టే.

మన ఇళ్లలో కాగితాల మీద సంతకం పెట్టేది చాలాసార్లు భర్తో, అన్నో. ఆపరేషన్ మాత్రం ఆమెది. ఏమేం తీస్తారో ఆమెకు అర్థమయ్యే భాషలో, తెలుగులోనో ఉర్దూలోనో చెప్పాకే ఆమె సంతకం పెట్టాలి.

చేరే ముందే ప్రతి ఆపరేషన్ పేరుతో అంచనా రాసివ్వమనాలి. ఇన్సూరెన్స్ ఉంటే వెయిటింగ్ పీరియడ్ చూసుకోవాలి. చాలా పాలసీల్లో గర్భసంచి ఆపరేషన్‌కు రెండేళ్లు ఆగాలి. డిశ్చార్జి రోజు ఐటమ్ వారీ బిల్లు, ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోవాలి, బయాప్సీ రిపోర్టు వచ్చాక అదీ జత చేసుకోవాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య మండలి నియమం. బిల్లులో ఉన్నది నోట్స్‌లో లేకపోతే అడిగే హక్కు ఉంది. ఆరోగ్యశ్రీ కింద చేరితే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి, లేదా 104కు ఫోన్ చేయాలి. తీసేయమన్నారని వెంటనే ఒప్పుకోకుండా సిద్దిపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఇంకో డాక్టర్‌కు రిపోర్టులు చూపించుకోవడం ఇంకా మంచిది.