టాపు మీది ఏరియల్‌ను పట్టించుకునేదెవరు?

ఉప్పెన అంటే ఏమిటో దివిసీమ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దాదాపు 10 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పుడు ఊళ్లలో ఫోన్లే తక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకేనాటికి ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను ఉంది. గాలి దెబ్బకు కరెంటు పోయి, టవర్లు మూగబోయి, అవీ పనికిరాకుండా పోయాయి. అటువంటి సమయంలో తీరగ్రామాల జనాన్ని తరలించడానికి వెళ్లే జీపుకు దిక్కు అందులోని వైర్‌లెస్ సెట్టే.

సెట్లు కొంటున్నారు, బిగిస్తున్నారు. అయితే జీపు మీద ఏరియల్‌ను తోచినచోట తగిలించి, పైనుంచి మాట వినబడితే చాలు, పని అయిపోయిందనుకుంటున్నారు. పొరపాటంతా ఇక్కడే ఉంది. కేంద్ర కార్యాలయంలో ఎత్తయిన స్తంభం ఉంటుంది కనుక అక్కడి మాట ఏరియల్ సరిగా లేని జీపులోనూ ఖంగుమని వినబడుతుంది. జీపులోంచి పోయే మాట మాత్రం అక్కడికి చేరదు. లంకగ్రామంలో నీళ్లు ఎక్కుతున్నాయని డ్రైవరు అరిచినా ఆలకించేవారుండరు.

ఏరియల్ అంటే పైకి కనిపించే కడ్డీ ఒక్కటే కాదు. సగం కడ్డీ అయితే, మిగతా సగం దాని కింద ఉండే ఇనుప రేకు. అందుకే టాపు నడిమధ్యన బిగించాలి. బంపరు మూలన పెడితే మాట ఒక వైపు బాగా, మరో వైపు నీరసంగా వెళుతుంది. ఫైబరు టాపు అయితే దాని కింద రేకు పరచక తప్పదు. బోల్టు పడేచోట రంగు గీకి ఇనుము తేలేలా చేయాలి. కేబుల్‌ను తలుపు సందున నలగనివ్వకూడదు.

కడ్డీ ఎంత పొడుగుంటే మాట అంత దూరం పోతుందని కొందరు డ్రైవర్లకు గట్టి నమ్మకం. అదేమీ గాలం కర్ర కాదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడే సెట్టుకు పావు తరంగపు కడ్డీ సుమారు 50 సెంటీమీటర్లు ఉండాలి, అంటే మూరకు రెండంగుళాలు ఎక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగితే పొడవు తగ్గుతుంది. ముందు కొంచెం పొడుగ్గానే ఉంచి, ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు చూస్తూ రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున కత్తిరించుకుంటూ రావాలి. కత్తిరించిన ముక్క మళ్లీ అతకదు కదా! మీటరు 1.5 లోపు చూపితే పని అయినట్టే. 3 చూపితే నూటికి 25 వంతుల శక్తి సెట్టుకే తిరిగివస్తుంది. నేటి సెట్లు చాలావరకు తమను తాము కాపాడుకోవడానికి శక్తిని ఇంకా తగ్గించేసుకుంటాయి. ఏరియల్ తగిలించకుండా మీట నొక్కితే సెట్టే కాలిపోవచ్చు.

ఈ కొలత రేకుల షెడ్డులో చూస్తే లెక్క తప్పుతుంది. ఖాళీ మైదానంలో, తలుపులు మూసి, ఎవరూ జీపుకు ఆనుకోకుండా చూడాలి.

ఇదంతా పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ఒక మీటరు, తెలిసిన మనిషి ఒకరు, ఒక పూట చాలు. సంబంధిత అధికారులు ఇకనైనా శ్రద్ధ వహించి, ఏటా సెప్టెంబరులోనే వైర్‌లెస్ ఉన్న వాహనాలన్నిటినీ ఒకచోట నిలిపి కొలిపించాలి. అంతటితో ఆగక, ప్రతి జీపునూ సముద్రపు ఒడ్డున చివరి ఊరి దాకా పంపి, అక్కడి నుంచి మాట్లాడించాలి. ఆఫీసు వాకిట్లో నిలబెట్టి మాట్లాడిస్తే ఏ జీపైనా నెగ్గుతుంది. నిరుడు బాగానే పనిచేసిందన్న జవాబు చెల్లదు. తీరంలో ఉప్పుగాలి ఒక్క ఏడాదిలోనే బోల్టు కింద తుప్పు పట్టిస్తుంది.