గృహిణీ ప్రసంగములు: ప్రాత కారును కొనుట, తీర్చుకొనుట



గత మాసమున వచ్చిన లేఖలలో నొకదానిని గూర్చి యీ నెల ముచ్చటింపదలచితిని. వ్రాసిన సోదరి గోదావరీ తీరమున నొక పట్టణమున కాపురముండునది. ఆమె కుమార్తెకు ఇరువదినాలుగేండ్లు. ఉద్యోగమున జేరి రెండేండ్లయినది. ఆ చిన్నది తన జీతములో మిగిల్చిన సొమ్ముతో నొక ప్రాత అంబాసడరు కారును గొని, నచ్చిన రంగు వేయించి, లోపల తనకు వలసిన తీరున మార్పించుకొందునని పట్టుపట్టినదట. తండ్రి ఆ సొమ్ము క్రొత్త బండికి మొదటి వాయిదాగా గట్టుట మేలనుచున్నాడట. మామ్మగారు మాత్రము, తన రెండు కాన్పులకును ఆసుపత్రికి గొనిపోయినది అట్టి బండియే యని మనుమరాలి పక్షమున నిలిచినదట. “నాకు డబ్బును గూర్చి చింత లేదు, పిల్ల కేమైన నగునేమో యని భయము. ఏమి చేయుమందురు?” అని తల్లి ప్రశ్న.

కొననిండని నా యభిప్రాయము. స్వార్జితముతో గొన్న మొదటి వస్తువునందు యువతికి గలుగు శ్రద్ధ, ఒరులిచ్చినదానియందు గలుగదు. అయినను తల్లి భయము వట్టిది కాదు. ఆ నాటి బండ్లలో ప్రమాదకాలమున ముఖమునకు అడ్డుపడు గాలిసంచులు లేవు. పెక్కింటిలో నడుముపట్టీలును లేవు. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. నేటి రహదారిపై ముందుపోవు క్రొత్త బండి ఆగినంత దూరములో నిది ఆగదు. ఈ మాట పిల్లకు ముందే చెప్పవలయును. చెప్పి, సొమ్ములో మొదటి భాగము దీనికే వినియోగింపుమని మాట తీసికొనవలయును.

ఇక ఏ బండి? అంబాసడరు వంగదేశమున ఉత్తరపాడలో తయారైనది. 1942లో స్థాపింపబడిన హిందుస్థాన్ మోటార్సువారు ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి బండిని ఒరవడిగా గొని 1950ల చివర దీనిని ఆరంభించిరి. 2014 మే నెలలో ఆపివేసిరి. అర్ధశతాబ్దికి పైగా రూపము ఇంచుమించు మారలేదు గాని లోపల మారినది. చిరకాలము 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజను నడచినది. 1990ల ఆరంభమున జపానుదేశపు ఇసూజు ఇంజనును, ఐదు గేర్లును గల రకము వచ్చినది. బొంబాయిలోని ప్రీమియరువారు ఇటలీ ఫియట్ 1100ను ఇచట నిర్మించి, 1974లో దానికి చిత్తోడు రాణి పద్మిని పేరు పెట్టిరి. దాని ఇంజను 1089 ఘనపు సెంటీమీటర్లు. బండి చిన్నది, తేలిక. 2023 అక్టోబరులో బొంబాయి వీధులనుండి చివరి పద్మిని టాక్సీ సెలవు గైకొన్నది. మదరాసున 1961 మొదలు తయారైన స్టాండర్డ్ హెరాల్డు చూడ ముచ్చటైనదే గాని, విడిభాగములకై వెదకి వెదకి విసుగు పుట్టును. 1983 డిసెంబరులో వెలువడిన మారుతి 800 మొదటి రకములును ఇప్పుడు ప్రాతవానిలో జేరినవి.

మొదటిసారి కొనువారికి నన్నడిగినచో మారుతియే సులభమందును. కాని చిన్నదాని మనస్సు అంబాసడరుపై నున్నదిగదా! అట్లయిన ఇసూజు ఇంజనుగల 1990ల నాటి బండి నేటి వేగమునకు కొంత సరిపోవును. అంతకు పూర్వపు బండ్లలో గేరుకఱ్ఱ స్టీరింగు ప్రక్కన నుండును, అలవాటు కావలయును. స్టీరింగు బరువు. ఇరుకు సందులలో బండిని త్రిప్పి నిలుపుట రోకటిపోటంత పని.

ఎంచుటయం దొక మాట. భారతమున నలుడు బాహుకుడై ఋతుపర్ణుని రథమునకు గుఱ్ఱములను ఏరినప్పుడు, చూపునకు బక్కచిక్కినవానిని ఏరెను. రాజు సందేహించెను, బాహుకుడు రూపమును గాక లక్షణములను జూచెను. ప్రాత కారును గొనువారికి ఇంతకన్న మంచి పాఠము లేదు. నిగనిగలాడు క్రొత్తరంగు వేసి అమ్మకమునకు బెట్టిన బండిని మొదట శంకింపుడు. రంగు వెలసి, తుప్పు కానవచ్చుచున్న బండి దాపరికము లేనిది.

చూచుటకు తెల్లవారుజామున పొండు. ముందే చెప్పి పోయినచో అమ్మువాడు ఇంజనును వేడిచేసి యుంచును. కావున చేరగానే మూతపై చేయి వేసి చూడుడు. చల్లని ఇంజను పలుకు తీరులోనే దాని ఆరోగ్యము తెలియును. వెనుక గొట్టమున నీలిపొగ ఎడతెగక వచ్చినచో నూనె కాలుచున్నది. వేడెక్కిన తరువాతను దట్టమైన తెల్లపొగ వచ్చినచో లోపలికి నీరు దిగుచుండవచ్చును. ఈ రెండును పెద్ద ఖర్చులు. నల్లపొగ మాత్రము చాలవరకు కార్బురేటరు సర్దుబాటుతో పోవును.

ఇంజనుకన్న ముఖ్యమైనది దేహము. అంబాసడరునకును, పద్మినికిని వేరుగా చట్రము లేదు. నేల, గోడలు, కప్పు కలిసియే బలము. తలుపుల క్రింది గడపపెట్టెలు, కాళ్లక్రింది రేకు, చక్రములపై గూళ్లు తుప్పుతిన్నచో బండి వెన్నెముక విరిగినట్లే. చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో జుట్టి రేకు వెంబడి పోనిండు. ఎచట అంటదో అచట ఇనుము లేదు, లప్పము పూసినారు. కుండను గొనునప్పుడు మ్రోగించి చూడమా? ఇదియు నంతే. చాపలెత్తి చూడుడు, వెనుక డిక్కీలోని గుడ్డ యెత్తి చూడుడు. తలుపు తెరచినపుడు క్రిందికి వాలి, మూయునపుడు ఎత్తి నొక్కవలసి వచ్చినచో గడపపెట్టె సంగతి మరల విచారింపుడు. దేహము గట్టిగానుండి ఇంజను చెడినది కొనవచ్చును. ఇంజను మంచిదై దేహము కుళ్లినది ఉచితముగా నిచ్చినను వలదు.

పత్రముల విషయము. ఛాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య ఆర్.సి.లో నున్నవానితో అక్షరము తప్పక సరిపోవలయును. సంఖ్యపై కాగితముంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసికొనుడు. సొంత బండికి మొదటి నమోదు పదునైదేండ్లు. పిదప ఐదేసి యేండ్లకు పరీక్ష జరిపి పొడిగింతురు. ఈ రుసుము 2022 ఏప్రిలులో 600 రూపాయలనుండి 5,000కు పెరిగెను. ఇరువదేండ్లు దాటిన కారునకు 2025 ఆగస్టులో 10,000 చేసిరి. ఏబదేండ్లు దాటి మూలరూపమున నున్న బండికి 2021 నాటి నియమములచే ‘వింటేజి’ నమోదు లభించును. దాని క్రొత్త నమోదునకు రుసుము 20,000. గౌరవమే గాని, ప్రదర్శనములకును ఊరేగింపులకును దక్క దినదినము నడుపరాదు. ఆఫీసునకు పోదలచిన పిల్లకు అది తగదు.

ఇప్పుడు అసలు కోరిక: మార్పులు. ఇచట నేను కొంచెము కఠినురాలను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారుని మూలవివరములను మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టువారు దీనిని దృఢపరచిరి. వేరు ఇంజను పెట్టుటకును, రంగు మార్చుటకును రవాణా కార్యాలయమువారి యనుమతియు, ఆర్.సి.లో నమోదును కావలయును. కిటికీలకు నల్లని పొరలు అంటించుటను 2012లోనే సుప్రీంకోర్టు నిషేధించినది. కప్పు కోయించి తెరచిన బండిగా జేయుదమని కొందఱు కుఱ్ఱవాండ్రు ఉత్సాహపడుదురు. కప్పు కోయుట, పైన జెప్పినట్లు, వెన్నెముక కోయుటయే. మా వీధిలో నొకడు బండి నేలకు దగ్గఱగా నుండవలయునని వెనుక కమానుపట్టీలను తగ్గింపజేసెను. వేగనిరోధకపు దిబ్బ నెక్కిన ప్రతిసారి క్రింది గొట్టము రాచుకొని, కడకు ఊడి వీధిలో పడినది. నవ్వినవారే యెక్కువ.

అయిన చేయదగిన మార్పులు లేవా? కావలసినన్ని కలవు. మొదట కనబడనివి చేయింపవలయును. బ్రేకుల గొట్టములు, మాస్టరు సిలిండరు రబ్బరులు అన్నియు క్రొత్తవి వేయింపుడు. పూర్వపు బండ్లలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే నూనెదారి. ఎచట చిల్లుపడినను నాలుగును పోవును. టైరు ప్రక్కన నాలుగంకెలు చూడుడు: 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినది. గాడులు లోతుగా నున్నను ముసలి టైరు ముసలిదే. నేటి పెట్రోలులో ఇరువది పాళ్లవరకు ఇథనాలు కలియుచున్నది. ప్రాత రబ్బరు గొట్టములు దానికి ఓర్వక మెత్తబడి కారును. కారిన పెట్రోలు, ప్రక్కనే వేడి ఇంజను! ఇథనాలునకు తట్టుకొను గొట్టములే వేయింపుడు. సీసము లేని పెట్రోలు వచ్చిన తరువాత పూర్వపు ఇంజనులలో వాల్వుల ఆసనములు అరుగుచున్నవి. ఇంజను విప్పినప్పుడే గట్టి ఆసనములు పెట్టించుట తెలివి. ప్రాత తీగలు పెళుసెక్కి యుండును. వానికే పెద్ద దీపములు, హారనులు తగిలించినచో మంటలు రేగును. ప్రతిదానికి ఫ్యూజు, రిలే వేయవలయును. నడుముపట్టీలు గట్టి ఆధారమునకు బిగింపజేయుట అన్నిటికన్న ముందు. చెవులకు నగ చేయించుటకన్న నిది ముందని తల్లులు తలపవలయును.

పిదప అలంకారము. ఆసనములకు గుడ్డ యెంచుటలో మన చేతికి మించిన చేయి లేదు. ఎండకు రెగ్జిను కాలును. మందమైన నూలు గుడ్డ, మంగళగిరి చీరల అంచువంటి సన్నని అంచుతో కుట్టించినచో ఆ బండి గుండ్రని రూపమునకు సొంపు. చిన్నదాని గాన సాధనమును పనిముట్ల అరలో దాచి, ముందుపలకను ప్రాతదిగానే యుంచవచ్చును. రంగు చివర వేయింపవలయును. ముందు రంగు వేయించి తరువాత టింకరింగునకు దిగుట, ముగ్గు పెట్టి పిదప కల్లాపి చల్లుట వంటిది. విప్పిన మూలభాగ మేదియు పారవేయరాదు. డబ్బాలో బెట్టి చీటీ యంటించి అటకపై నుంచుడు. మనసు మారినప్పుడు తిరిగి పెట్టుటకును, అమ్మునప్పుడు ధరకును అవి పనికివచ్చును.

విడిభాగములకు కలకత్తా మల్లిక్ బజారు, మదరాసు పుదుపేట ప్రసిద్ధములు. మనకు దగ్గఱలో విజయవాడ ఆటోనగరు కలదు. ఎంత సొమ్ముతో కొనిరో అంతయు మరల మరమ్మతులకు చేత నుండవలయును. లేనిచో కొనుట ఆగుట మేలు. బండిలో జేసిన మార్పులు బీమావారికి లిఖితముగా తెలుపుడు.

మొదటి నెల పిల్ల ఒంటరిగా రహదారి యెక్కరాదు. తెల్లవారుజామున ఊరి చుట్టు నడుపనిండు. ప్రక్కన తల్లియే కూర్చుండుట నాకిష్టము, ఎప్పుడు బ్రేకు వేయవలయునో ఆమె కాలికే ముందు తెలియును! డిక్కీలో ఒక ఫ్యాను బెల్టు, ఫ్యూజులు, జాకీ, మంటలార్పు డబ్బా, రెండు సీసాల నీరు ఉండవలయును. వేడిని చూపు ముల్లు ఎఱ్ఱనిగీత దాటినచో ప్రక్కకు దీసి ఇంజను ఆపవలయును. రేడియేటరు మూత మాత్రము వెంటనే త్రిప్పరాదు. లోపలి మరుగునీరు చిమ్మి ముఖము కాలును. చేయి పెట్టగలిగినంత చల్లబడువరకు వేచి, గుడ్డ చుట్టి, మెల్లగా తెరువవలయును.