మన క్లబ్బా, మా క్లబ్బా?



జీవితమంతా సంధులూ సమాసాలూ చెప్పుకొని విరమించిన తెలుగు పంతులు కాలిబంతి ఆటను గురించి టపా వ్రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పులేదు. ఆఫ్‌సైడ్ అనే నియమం నాకు నేటికీ సరిగా బోధపడలేదు. మా మనుమడు మూడుసార్లు చెప్పి, నాలుగోసారి నన్ను మందబుద్ధి విద్యార్థిగా తీర్మానించి వదిలేశాడు. అయితే ఈ టపా ఆటను గురించి కాదు, జమాఖర్చుల పుస్తకాన్ని గురించి. ఆ పుస్తకం ఏ దేశంలోనైనా ఒకే భాషలో ఉంటుంది.

మొన్న ఒక చిరకాల మిత్రుడు నాతో వాదానికి దిగాడు. ఇంగ్లండు ఆటల మీద ఆయనకు మక్కువ ఎక్కువ. ఆయన సిద్ధాంతం ఇది: “అభిమాని పని చప్పట్లు కొట్టడం. లెక్కలు చూసుకోవడానికి యజమాని ఉన్నాడు. టిక్కెట్టు కొన్న ప్రతివాడూ తగుదునమ్మా అంటూ పద్దులు అడగడం మొదలుపెడితే క్లబ్బు నడిచినట్టే!” ఈ మాట అబద్ధమైతే ఊరుకునేవాణ్ణి. లోకంలో అబద్ధాలకు కొదవా? కాని ఇది అపాయకరమైన మాట. ఒక ఊరి క్లబ్బును ముంచిన మాట. అందుకే ఈ ఖండన.

మా అబ్బాయి మాంచెస్టరులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి ఉత్తరాన, ట్రాము ఎక్కితే చేరే దూరంలో, బెరీ అనే ఊరు ఉంది. ఇంగ్లీషులో అవే అక్షరాలకు ‘పూడ్చిపెట్టు’ అనే అర్థం కూడా ఉన్నది. అర్థం ఊరికే పోలేదు. ఆ ఊరివారు తమ క్లబ్బును పూడ్చిపెట్టడం కళ్ళారా చూశారు, మళ్ళీ త్రవ్వి తీసుకొన్నారు కూడా. మా అబ్బాయి ప్రక్కింటి పెద్దాయన ఆ ఊరివాడే. అక్కడ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం నడకకు ఆయనే నాకు తోడు. నా ఇంగ్లీషు ఆయనకూ, ఆయన యాస నాకూ సగమే అర్థమయ్యేవి. దుఃఖం మాత్రం పూర్తిగా అర్థమైంది.

బెరీ క్లబ్బు 1885లో పుట్టింది. ఆనాటినుండీ దాని మైదానం గిగ్ లేన్. 1894లో లీగులో చేరింది. 1900లోనూ 1903లోనూ ఎఫ్.ఏ. కప్పు గెలిచింది. 1903 అంతిమ పోటీలో డెర్బీ కౌంటీని ఆరు-సున్నాతో ఓడించింది. ఆ అంతరాన్ని నూటపదహారేళ్ళపాటు ఎవరూ అందుకోలేకపోయారు. 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ అదే ఆరు-సున్నాతో సరితూగింది. పొరుగూరి సంపన్నుడు ఈ పాత రికార్డును అందుకొన్న ఆ సంవత్సరమే రికార్డు సొంతదారు లీగునుండి వెలివేయబడ్డాడు.

ఎందువల్ల? ఆటలో ఓడిపోయినందువల్ల కాదు. 2018-19లో ఆ జట్టు నాలుగో శ్రేణిలో రెండో స్థానం సాధించి పై శ్రేణికి ఎక్కింది. ఒకవైపు ఆటగాళ్ళకు జీతాలు అందడం లేదు, మరోవైపు జట్టు గెలుస్తూనే ఉంది. వెనుకటి యాజమాన్యం కాలంలోనే ఆదాయానికి మించిన జీతాల ఒప్పందాలు కుదిరాయి. మైదానాన్ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు. కార్లు నిలుపుకొనే గళ్ళను సైతం బయటివారికి పెట్టుబడి సరుకుగా అమ్మారు. 2018 డిసెంబరులో క్లబ్బు మొత్తం ఒకే ఒక్క పౌండుకు చేతులు మారింది. మా కాలంలో కొత్త పలకకు ఇంతకంటే ఎక్కువ బేరమాడేవాళ్ళం. కొన్న స్టీవ్ డేల్ అనే ఆసామి, బెరీ పేరుతో ఒక జట్టు ఉన్నదనే సంగతే తనకు తెలియదని తరువాత తానే రేడియోలో సెలవిచ్చాడు.

క్లబ్బును నడిపే సొమ్ము ఆయన దగ్గర ఉన్నదనడానికి సరియైన రుజువులు చేతికందకుండానే ఆ క్రయం జరిగిపోయింది. రుజువులు తెమ్మని లీగు తరువాత గడువులు పెట్టింది, గడువులు పొడిగించింది. ఆగస్టు పోటీలు ఒకదాని తరువాత ఒకటి వాయిదా పడ్డాయి. పూర్వం డైరెక్టరుగా పనిచేసిన ఒక మహిళ మైదానం వద్ద నీటిగొట్టానికి తనను తాను సంకెళ్ళతో బంధించుకొన్నది. 2019 ఆగస్టు 27న, కొత్త కొనుగోలుదారు వస్తున్నాడన్న కబురు విని వందలాది అభిమానులు చీపుళ్ళూ బకెట్లూ పట్టుకొని గిగ్ లేన్‌కు వచ్చారు. కుర్చీలు తుడిచారు, కలుపు పీకారు. ఇంటికి పెళ్ళివారు వస్తున్నట్టు వాకిలి ఊడ్చారు. పెళ్ళివారు రాలేదు. ఆ రాత్రే బహిష్కరణ వార్త వచ్చింది. 1992లో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ కూలిన తరువాత లీగు ఇలా కోల్పోయిన మొదటి క్లబ్బు అది. నూటపాతికేళ్ళ సభ్యత్వం ఒక్క ప్రకటనతో ముగిసింది.

ప్రక్కింటి పెద్దాయన కూడా ఆనాడు చీపురు పట్టుకొని వెళ్ళాడట. ఆయన నాతో అన్నమాట ఇది: “ఆ రోజు నేను ఊడ్చిన వరుసలో ముప్పై కుర్చీలుంటాయి. అంతకు నాలుగేళ్ళ ముందే ఒక్క సాయంత్రం కూర్చొని వార్షిక లెక్కలు చదివి ఉంటే ఆ ఊడ్పు అవసరమే ఉండేది కాదేమో.” చదివినవారు కొందరు లేకపోలేదట. వారు నోరు విప్పితే, జట్టు గెలుస్తున్న వేళ అపశకునం పలుకుతున్నారని తోటి అభిమానులే కసిరేవారట. ఆ కసిరినవారిలో తానూ ఉన్నానని ఆయన దాచలేదు.

మిత్రమా, చప్పట్ల సిద్ధాంతం చేసిన ఘనకార్యం ఇది! గెలుపు ఉన్నంతకాలం లెక్క అడిగినవాడు ద్రోహి. ఓటమి వచ్చాక లెక్క అడిగితే చూపడానికి పుస్తకమే ఉండదు.

ఇంతగా ఎందుకు మండిపడుతున్నానో చెప్పాలి. నేనూ ఆ పాపం చేసినవాణ్ణే. ఒక చిన్న ఊళ్ళో పనిచేసే రోజుల్లో అక్కడి గ్రంథాలయం కార్యవర్గంలో పదకొండేళ్ళు సభ్యుణ్ణి. ఏటా ఉగాదినాటి సమావేశంలో కార్యదర్శి పద్దుల పుస్తకం తెరిచేవాడు. “చదివినట్టే భావిద్దాం” అనేవాళ్ళం. పంచాంగ శ్రవణానికి ఆలస్యమవుతుందని తొందర! నేను అందమైన చేవ్రాలు పెట్టి, అడుగున ఒక చిన్న గీత కూడా గీసేవాణ్ణి. పన్నెండో ఏట బ్యాంకులో నిలువ లేదని తెలిసింది, భవనపు అద్దె రెండేళ్ళుగా బకాయి అని తెలిసింది. పుస్తకాలు గోనెసంచులలోకి ఎక్కాయి. మోసం జరిగిందా అంటే చెప్పలేను. చెప్పడానికి కావలసిన కాగితాలు ఏనాడూ ఎవరూ అడగలేదు గనుక అవి లేనేలేవు. నా చేవ్రాలు మాత్రం పదకొండు చోట్ల ఉన్నది. ఆ గీతలతో సహా.

ఇక మిత్రుని ఆక్షేపణలకు వరుసగా సమాధానం.

ఒకటి: “ధనవంతుడు లేనిదే చిన్న క్లబ్బు బ్రతకదు.” ఇందులో కొంత సత్యం ఉన్నది, కాదనను. దిగువ శ్రేణులలో టిక్కెట్ల రాబడి జీతాలకే చాలదు. ఏనుగు దాహానికి చూరునీళ్ళు చాలవు. కాని ప్రశ్న ధనవంతుడు రావాలా వద్దా అన్నది కాదు. అతడు ఇచ్చేది దానమా, అప్పా? అప్పయితే దేనిమీద తాకట్టు? మైదానం క్లబ్బు పేరనే ఉన్నదా, వేరే చేతికి పోయిందా? అతడు వెళ్ళిపోయిననాడు మిగిలేదేమిటి? ఈ నాలుగు ప్రశ్నలూ అడగడానికి అర్థశాస్త్రం చదవనక్కరలేదు. కూతురికి సంబంధం చూసే తండ్రి ఇంతకు పదింతలు అడుగుతాడు.

రెండు: “అభిమానుల చేతికిస్తే కలహాలే.” అవును, కలహించారు. బహిష్కరణ తరువాత ఆ ఊరి అభిమానులు రెండుగా చీలారు. కొందరు సభ్యుల ఓటుతో నడిచే బెరీ ఏ.ఎఫ్.సి. అనే కొత్త క్లబ్బు పెట్టి, 2020లో పదో శ్రేణినుండి మొదలుపెట్టారు. పొరుగున ఉన్న రాడ్‌క్లిఫ్‌లో అద్దె మైదానం. మరికొందరు పాత పేరూ పాత మైదానమూ దక్కించుకొంటేనే అది బెరీ అన్నారు. 2022లో వారు ఒక దాత తోడ్పాటుతో, ప్రభుత్వ నిధినుండి వచ్చిన 10 లక్షల పౌండ్లతో గిగ్ లేన్‌ను కొన్నారు. పురపాలక మండలి మరి 4 లక్షల 50 వేల పౌండ్లు ఇవ్వజూపింది, రెండు వర్గాలూ ఏకమైతేనే అన్న షరతు మీద. ఆ యేడు అక్టోబరులో విలీనానికి ఓటు వేశారు. ఒక పక్షంలో అవసరమైన మెజారిటీకి కొద్దిలో తప్పింది, విలీనం వీగిపోయింది. ప్రక్కింటి పెద్దాయన ఒక వర్గం, ఆయన తమ్ముడు మరొక వర్గం. అన్నదమ్ములు మూడేళ్ళు ఒక కారులో ఆటకు వెళ్ళలేదు.

ఇక్కడ నా వృత్తివిద్య కాస్త పనికి వచ్చింది. మన తెలుగులో ‘మనము’ వేరు, ‘మేము’ వేరు. వినేవాణ్ణి కలుపుకొంటే మన, వదిలేస్తే మా. ఇంగ్లీషుకు ఈ భాగ్యం లేదు, రెంటికీ ఒకటే మాట. అందుచేత ఆ అన్నదమ్ములిద్దరూ మూడేళ్ళపాటు ఒకే మాట పలికారు, ఒకరినొకరు మినహాయించుకొని. ఇద్దరూ ‘మా క్లబ్బు’ అన్నారు. ఈ భేదం ఆ పెద్దాయనకు వివరించి, రెండు మాటలూ పలికించాను. “మా, మన” అని ఆయన నాలుగైదుసార్లు అనుకొని, ఇది తమ ఊరికి 2019లోనే దిగుమతి కావలసిన సరుకు అన్నాడు.

అయినా మిత్రమా, ఈ కలహాన్ని ఆ కలహంలేమితో పోల్చి చూడు. ఒక్క పౌండుకు క్లబ్బు అమ్ముడైననాడు ఎవరి ఓటూ లేదు, ఎవరి జగడమూ లేదు, పని చప్పుడు లేకుండా సాగిపోయింది. 2022లో ఓటు వీగిపోయింది గనుక తిరిగి కూర్చున్నారు. షరతులు చదివారు, సందేహాలు తీర్చుకొన్నారు. 2023 మే నెలలో రెండు పక్షాలూ భారీ ఆధిక్యంతో ఒప్పుకొన్నాయి. ఆ యేడే గిగ్ లేన్‌లో బెరీ పేరుతో మళ్ళీ ఆట మొదలైంది. 2025లో ఆ జట్టు తన లీగు గెలిచి ఒక మెట్టు ఎక్కింది. ఎక్కింది ఎనిమిదో శ్రేణికే. పోయిన చోటికి అప్పటికి ఇంకా అయిదు మెట్లు మిగిలే ఉన్నాయి. నిశ్శబ్దం తొమ్మిది నెలల్లోపే పడగొట్టినదాన్ని కలహం ఆరేళ్ళుగా కడుతున్నది.

మూడు: “చట్టం వచ్చిందిగా, ఇక అభిమానికెందుకు శ్రమ?” నిజమే. 2025 జులైలో ఆ దేశంలో ఫుట్‌బాల్ పరిపాలన చట్టం ఆమోదం పొందింది, స్వతంత్ర నియంత్రణాధికారి వ్యవస్థ ఏర్పడింది. బెరీ పతనం ఆ చట్టానికి ఒక ప్రేరణ. మంచిదే. కాని నలభై ప్రగతి పత్రాలు దిద్దిన పంతులుగా చెబుతున్నాను, పరీక్షాధికారి ఉన్నాడని తండ్రి బిడ్డ పలక చూడడం మానడు. అధికారికి క్లబ్బులు నూటికి పైగా ఉంటాయి. అభిమానికి ఉండేది ఒక్కటే.

చివరిగా నా పక్షంవారికీ ఒక మాట. అభిమానులే యజమానులైతే అన్నీ చక్కబడతాయని భ్రమపడకండి. తమ జట్టును మిల్టన్ కీన్స్‌కు తరలించనిచ్చారన్న ఆగ్రహంతో 2002లో పుట్టిన ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అభిమానుల సొత్తే. అక్కడ కూడా 2019 చివర సొంత మైదాన నిర్మాణానికి సొమ్ము చాలలేదు. వాటాలు బయటివారికి అమ్ముదామా, పట్టు సడలించకుండా వేరే దారి చూద్దామా అని సభ్యులు తీవ్రంగా తర్కించుకొన్నారు. తుదకు అభిమానులకే ఋణపత్రాలు అమ్మి 50 లక్షల పౌండ్లకు పైగా సేకరించారు. 2020 నవంబరులో ప్లవ్ లేన్‌లో మళ్ళీ ఆడారు. గమనించండి, అదీ అప్పే! తేడా ఒక్కటే, ఎవరికి ఎంత బాకీయో బాకీపడినవారికి తెలుసు. అభిమానుల సొత్తయినంత మాత్రాన పద్దు తనంతట తాను సరిపోదు. కార్యవర్గంలో ఉన్నవాడు మనవాడే గదా అని చేవ్రాలు పెడితే ఏమవుతుందో పైన నా గ్రంథాలయం కథలో చెప్పనే చెప్పాను.

కాబట్టి నా వాదం ఇంతే. అభిమానానికి రెండు చేతులు. ఒకటి చప్పట్లకు, ఒకటి పుట తిప్పడానికి. చప్పట్లకు రెండు చేతులూ కావాలంటారా? సరే, ఆట జరిగే తొంభై నిమిషాలూ కొట్టండి. తక్కిన వారంలో ఒక్క గంట పద్దు తెరవండి. అర్థంకాని అంకె కనిపిస్తే లేచి అడగండి. అడిగినవాణ్ణి కసిరితే కసిరినవాణ్ణి కూడా అడగండి.

నేను తిరిగి వచ్చేముందు ఒక శనివారం ఆ అన్నదమ్ములు నన్ను గిగ్ లేన్‌కు తీసుకువెళ్ళారు. ఒకే కారులో. ఆట నాకు పెద్దగా అర్థం కాలేదు, వాన మాత్రం బాగా పడింది. పెద్దాయన కోటు జేబులోనుండి మడత కాగితాలు బయటికి తీశాడు, క్లబ్బు సభ్యులకిచ్చిన లెక్కలు. విరామంలో తమ్ముడితో ఒక పద్దు మీద వాదానికి దిగాడు. ఇద్దరి గొంతులూ లేచాయి, ముందు వరుసవారు వెనుదిరిగి చూశారు. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఆ ఊరి గ్రంథాలయం గోనెసంచులు ఇప్పుడెక్కడ ఉన్నాయో విచారించమని నిన్ననే ఒక పాత విద్యార్థికి ఉత్తరం వ్రాశాను. ఆలస్యమే. అయినా అడగడం మొదలుపెట్టాను.

స్వస్తి.