ఏం చూశావమ్మా?

వేసవి సెలవులు వచ్చాయంటే మా ఇంట్లో రెండే మాటలు. పిల్లలది 'ఎక్కడికైనా వెళ్దాం', మావారిది 'ఈ ఎండల్లో ఎక్కడికి?' మధ్యలో నేను. ఊటీకో అరకుకో వెళ్లాలంటే నాలుగు రోజుల సెలవు, బోలెడు డబ్బు కావాలి. చివరికి ఏదో ఒక ఆదివారం, పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేసేలా దగ్గర్లోనే ఎక్కడికైనా అని తేలుతుంది. ఖమ్మంలో ఉన్నవాళ్లకి అలాంటి చోట్లకేం కరువు? ఇటు పాలేరు, అటు వైరా చెరువు, నేలకొండపల్లి స్తూపం. కాస్త ఓపికుంటే పాల్వంచ దాటి కిన్నెరసాని, ఇంకొంచెం పోతే భద్రాచలం, పర్ణశాల. అంత దూరం ఎందుకు, ఊళ్లోనే ఖిల్లా ఉంది. ఎన్నిసార్లు ఎక్కారని మాత్రం అడక్కండి. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న నేనూ ఒక్కసారే ఎక్కాను.

ఇలాంటి దగ్గరి ప్రయాణాలు మంచివే అని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. కాకపోతే నాదొక చిన్న పేచీ ఉంది.

నిరుడు మే నెలలో కిన్నెరసాని వెళ్లాం. మేం నలుగురం, అత్తయ్యగారు, మా ఆడపడుచు, ఆమె ఇద్దరు పిల్లలు. పెద్ద కారొకటి కిరాయికి మాట్లాడారు. ఆరింటికల్లా బయల్దేరాలని మావారి ఆజ్ఞ. నేను మూడింటికే లేచాను. పులిహోర, దద్దోజనం, పూరీలు, అందులోకి బంగాళాదుంప కూర, అత్తయ్యగారికి కారం లేకుండా విడిగా పప్పు, దారిలో పిల్లల నోళ్లాడటానికి జంతికలు... గిన్నెలు సర్ది, మూతలకి గుడ్డలు కట్టి, అందరినీ లేపి తయారుచేసేసరికి ఎనిమిదిన్నర. కొత్తగూడెం దాటేసరికే కారు తలుపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. డ్యామ్ దగ్గర దిగేసరికి పదకొండు దాటింది. ఇంకేముంది, నడినెత్తిన సూర్యుడు!

పిల్లలు జింకల పార్కు వైపు పరుగెత్తారు. వాళ్ల వెనక పెద్దవాళ్లు. చెట్టు కింద కోతులున్నాయి, సామాన్ల దగ్గర ఎవరో ఒకరుండాలి కదా! ఆ 'ఎవరో ఒకరు' ఎవరో మీకు చెప్పక్కర్లేదు. వాళ్లు వచ్చాక వడ్డించాను, తిన్న కంచాలు తీశాను, మిగిలినవి సర్దాను. ఈలోగా 'పొద్దుపోతోంది, పదండి' అన్నారు.

తిరుగు దారిలో మా అమ్మాయి ఒక ఆట పెట్టింది. ఎవరు ఏం చూశారో చెప్పాలట. మావాడు మొసలిని చూశానన్నాడు. అది మొసలి కాదు, మొద్దు అని అక్క. (ఆ నీళ్లలో మొసళ్లున్న మాట నిజమే. దిగి ఆడాలని సరదాపడేవాళ్లు గుర్తుంచుకోండి.) నా వంతు వచ్చింది. "అమ్మా, నువ్వేం చూశావు?" నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటో తెలుసా? "పులిహోర కొంచెం కూడా మిగల్లేదు!" అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి పదింటికి ఆ గిన్నెలన్నీ తోముతున్నప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

విశ్వనాథ సత్యనారాయణగారి 'కిన్నెరసాని పాటలు' బి.ఏ. రోజుల్లో ఇష్టంగా చదువుకున్నదాన్ని. అత్త వేసిన నిందలు భరించలేక అడవికి వెళ్లిపోయి, వాగై పారిన కోడలి కథ అది. ఆ వాగు ఒడ్డుకే వెళ్లి, నీటి వంక తేరిపార చూడకుండా తిరిగొచ్చిన మరో కోడల్ని నేను! అయినా నా అత్తగారు నన్ను ఒక్క మాటా అనలేదు. నిజం చెప్పాలంటే పూరీలు చెయ్యమని ఎవరూ అడగలేదు కూడా. బయటి తిండి తింటే పిల్లలకేమవుతుందో, ఆడపడుచు ఏమనుకుంటుందో అని నాకు నేనే నెత్తికెత్తుకున్నాను. తప్పు మావారిదెంతో నాదీ అంతే. ఆయనది ఇంకో పిసరు ఎక్కువేమో... మూడింటికి నాతోపాటు లేవలేదుగా!

అసలు భయపడాల్సిన సంగతి వేరే ఉంది. ఆ రోజు ఇంకో గంటలో ఇల్లు చేరతామనగా మా ఆడపడుచుకి కళ్లు తిరిగాయి. ఒళ్లు కాలిపోతోంది. మాట తడబడుతోంది. కారు ఆపి, ముఖం మీద నీళ్లు చల్లి, దగ్గరి డాక్టరు దగ్గరికి తీసుకెళితే సెలైను ఎక్కించారు. "పొద్దుట్నుంచీ నీళ్లెన్ని తాగావమ్మా?" అని ఆయన అడిగితే తలదించుకుంది. ఆ తర్వాత నా చెవిలో చెప్పింది, "మధ్యలో ఎక్కడికెళ్లాలి వదినా? అందుకే తాగలేదు."

44 డిగ్రీల ఎండలో, కాలు కడుపుకోవడానికి చోటు దొరకదేమోనన్న భయంతో, ఒక చదువుకున్న ఆడమనిషి రోజంతా నాలుక తడుపుకోకుండా గడిపింది. మీలో ఎంతమంది ఈ పని చెయ్యలేదో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఊరు బయల్దేరేముందు గ్లాసు పక్కన పెట్టెయ్యడం మన అమ్మల దగ్గర నేర్చుకున్న విద్య. దాని ఫలితం మూత్రంలో మంట, జ్వరాలు, వడదెబ్బ. పడవలు, ఉయ్యాలలు, ఫొటోలు దిగడానికి రంగు బొమ్మలు... ఇవన్నీ పెట్టే పెద్దలు ముందు నీళ్లొచ్చే, గడియ పడే మరుగుదొడ్డి కట్టాలి. ఉన్నచోట దాన్ని శుభ్రంగా ఉంచాలి. జింకల్ని తర్వాత చూసుకోవచ్చు. మనం కూడా నోరు విప్పాలి. పెట్రోలు బంకు కనబడితే "ఇక్కడ ఆపండి" అనడానికి సిగ్గెందుకు?

ఈ ఏడు నేను మొండికేశాను. మళ్లీ కిన్నెరసానికే వెళ్దామన్నాను, కానీ నా పద్ధతిలో. పొయ్యి వెలిగించలేదు. కుండలో మంచినీళ్లు, ఒక క్యాను నిండా మజ్జిగ, అరటిపళ్లు, అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకే కారెక్కాం. కొత్తగూడెంలో హోటలు ముందు ఆగి వేడి వేడి ఇడ్లీలు తిన్నాం. అత్తయ్యగారు రెండు ఎక్కువే తిన్నారు!

పాల్వంచ దాటాక అడవిలో ఇద్దరు కోయ ఆడవాళ్లు కనిపించారు. నెత్తిన తునికాకు మూటలు. ఆ పని ఎండాకాలంలోనే ఉంటుంది. చీకటితో వెళ్లి ఆకు కోసుకొచ్చి, యాభై ఆకులకో కట్ట చొప్పున కట్టి, కల్లంలో ఇస్తే కట్టల లెక్కన డబ్బులొస్తాయి. ఒకామె దగ్గర ఆకుదొప్పలో మొర్రిపండ్లున్నాయి. మనం పాయసంలో వేసే సారపప్పు ఆ పండు గింజలోదే అని చెబితే మా పిల్లలు నమ్మలేదు. దొప్ప కొనుక్కుని మాటలు కలిపాను. ఎక్కడికని అడిగింది. "అడవి చూద్దామని" అన్నాను.

"అడవిలో చూసేదేముందమ్మా?" అని నవ్వింది.

ఏం చెప్పను? నేను సరదా పడి లేచిన వేళకే ఆమె ఆకు కోతకి వెళ్లిపోయింది. నా మూడింటి పులిహోర కష్టం ఆమె ముందు చెప్పుకునేపాటిది కాదు. తాగుతారా అంటే ఇద్దరూ మజ్జిగ తాగారు. గ్లాసు తిరిగిస్తూ, "ఎండుటాకుల్లో నిప్పు పెట్టకున్రి" అని చెప్పి మరీ వెళ్లారు. వనభోజనాలంటూ అడవిలో పొయ్యి పెట్టేవాళ్లని ఎంతమందిని చూశారో మరి!

ఈసారి డ్యామ్ చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. సామాన్లే లేవు కనక కాపలా అక్కర్లేదు. గట్టు మీద అందరితోపాటు నడిచాను. ఎదురుగా నీళ్లు, ఆ వెనక గుట్టలు, నీళ్ల మీద లేత వెలుగు. పాల్వంచలో కరెంటు తయారయ్యేది ఈ నీళ్లతోనే అని మావారు పిల్లలకి చెబుతున్నారు. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. ఎవరూ ఏదీ అడగలేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగాను. ఆడపడుచు చేత మూడు తాగించాను. తిరుగు దారిలో బంకు దగ్గర ఆపమని ఆమే అడిగింది.

ఒంటిగంటకల్లా ఇంట్లో ఉన్నాం. మావారు అన్నం వండారు. కొంచెం మెత్తబడింది, కొత్తావకాయ ఉంది కనక ఇబ్బంది లేదు. వచ్చే ఆదివారం పక్కింటి పిన్నిగారూ నేనూ పిల్లల్ని తీసుకుని నేలకొండపల్లి వెళ్దామనుకుంటున్నాం. భక్త రామదాసు పుట్టిన ఊరు ఇంత దగ్గరున్నా ఆవిడ ఇంతవరకూ చూడలేదట. తెల్లారే బస్సుకి. దారిలో తాటి ముంజలు దొరికితే అవే ఫలహారం.