కలోంజీ క్యాప్సూల్ బీడీకి కఫ్ఫారా కాదు

జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గేటు దగ్గర అత్తరు, మిస్వాక్, టోపీల పక్కన ఇప్పుడు ఇంకో సరుకు చేరింది. ఫేఫ్డే సాఫ్ చేసే డబ్బా. లోపల కలోంజీ, హల్దీ, ములేఠీ, అడూసా. సిగరెట్ తాగేవాళ్ల ఊపిరితిత్తులకు ఇది కవచమట, కేన్సర్ దరి చేరదట. అమ్మేవాడి నోట హదీస్, కొనేవాడి జేబులో బీడీ కట్ట!

కలోంజీలో షిఫా ఉందన్న హదీస్ సహీ బుఖారీలో ఉంది. కాదనే మోమిన్ ఎవరు? కానీ దాన్ని పొగకు ఇజాజత్‌నామాగా వాడుకోమని ఏ ఆలిమ్ చెప్పారు జనాబ్? మంట పెడుతూ మర్హమ్ రాసుకోవడం తవక్కుల్ కాదు, నఫ్స్ ఆడించే ఆట.

పొగాకు పొగలో కేన్సర్ తెచ్చే పదార్థాలు 70 దాకా ఉన్నాయి. వాటిలో బెంజోపైరీన్ ఒకటి. దాన్ని బయటికి పంపేద్దామని మన ఒంట్లోని ఎంజైములే దాని రూపం మారుస్తాయి. ఆ మారిన రూపమే వెళ్లి డీఎన్ఏకు అతుక్కుంటుంది. దమ్ము దమ్ముకీ ఇదే తంతు. ఇక హల్దీ సంగతి. ప్రయోగశాలలో కణాల మీద కర్‌క్యుమిన్ వేస్తే కొన్ని మంచి సూచనలు కనిపించిన మాట నిజమే. మింగితే మాత్రం రక్తంలోకి చేరేది బహు తక్కువ. గాజు గిన్నె వేరు, నలభై ఏళ్లు బీడీ తాగిన చిచ్చా ఛాతీ వేరు.

"జడీబూటీయే కదా, నుక్సాన్ ఏముంది?" అంటారు. క్యారెట్లో ఉండే బీటా కెరోటిన్ గురించీ ఒకప్పుడు ఇలాగే అనుకున్నారు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్లతో పరీక్ష చేశారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల కేన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికాలో దాన్నే విటమిన్ ఎ తో కలిపి ఇస్తే 28 శాతం ఎక్కువ తేలింది. 1996 జనవరిలో పరీక్షను మధ్యలోనే ఆపేశారు. క్యారెట్ తినడం మానమని కాదు. తిండిలో మంచిదైనది మాత్రగా మారి, పొగతాగేవాడి ఒంట్లో పడితే ఏం చేస్తుందో పరీక్షించకుండా ఎవరూ చెప్పలేరని. మరి ఆ డబ్బాను ఎవరు పరీక్షించారు? డబ్బా మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ చూపిస్తారు. అది ఆహార వ్యాపారానికి ఇచ్చే లైసెన్స్, షిఫాకు సనద్ కాదు. కేన్సర్‌ను నయం చేస్తాం, రాకుండా ఆపుతాం అని మందుల ప్రకటన చేయడం 1954 చట్టం ప్రకారమే నేరం.

హకీమ్ సాబుల మీద నాకు కోపం లేదు. జోషాందా తాగితే గొంతుకు ఆరామ్ దొరుకుతుంది, మా ఇంట్లోనూ కాస్తాం. భయమల్లా ఆ ఆరామ్ గురించే. దగ్గు కాస్త తగ్గగానే అబ్బాజాన్ ఆసుపత్రి మాట మరిచిపోతారు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష, ఎక్స్‌రే కావాలి. కఫంలో నెత్తురు కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

మానలేమంటారా? రంజాన్‌లో సహెరీ నుంచి ఇఫ్తార్ దాకా పదమూడు గంటలకు పైగా ముట్టకుండా ఉంటున్నది మీరే కదా! ఖజూర్ గింజ ఊసేలోపే అగ్గిపెట్టె వెతుక్కుంటారు, అది వేరే మాట. ఆ పొగ పక్కనే దస్తర్‌ఖాన్ సర్దే బేగమ్‌కూ, పిల్లలకూ ఏ క్యాప్సూల్ ఇస్తారు?

పొగ మానేసిన పదేళ్లకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు, తాగుతూనే ఉన్నవాడితో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది. డబ్బాకు పెట్టే పైసలతో డాక్టర్‌ను అడిగి నికోటిన్ గమ్ కొనుక్కోండి. మానడానికి సాయం చేసే సర్కారీ నంబర్ 1800-11-2356. పైసా ఖర్చు లేదు. మీ జేబులో ఉన్న సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది, చూడండి.