గడియారం తప్పుకు కూలి కోతా?

దంతెవాడ జిల్లా గీదం నుండి ఒక దారి బైలదిల్లా గనులకు, మరొక దారి బీజాపూర్ మీదుగా తెలంగాణకు పోతుంది. ఆ దారులకు ఎడమైన పల్లెలలో ఫోను సిగ్నల్ అందని చోట్లు నేటికీ ఉన్నాయి. అయినను కేంద్ర ప్రభుత్వం 2023 జనవరి 1 నుండి, వ్యక్తిగత లబ్ధి పనులు మినహా, ఉపాధి హామీ పనులన్నింటా సెల్‌ఫోను హాజరును తప్పనిసరి చేసింది. రోజుకు రెండు ఫొటోలు; వాటిపై సమయం, స్థలం.

సిగ్నల్ లేనిచోట తీసిన ఫొటో సర్వరుకు ఆలస్యంగా చేరుతుంది. లెక్కకు వచ్చేది తీసిన వేళా, చేరిన వేళా? భారత కాలం ప్రపంచ ప్రామాణిక కాలానికి 5 గంటల 30 నిమిషాలు ముందున్నది. సర్వరు ప్రపంచ కాలాన్ని బట్టి తేదీ వేస్తే, మన అర్ధరాత్రి మొదలు ఉదయం 5.30 వరకు నమోదైనదంతా నిన్నటి తేదీలో పడుతుంది. తక్కిన వేళల తేదీ సరిగానే ఉంటుంది. కనుకనే పగటిపూట పరీక్షించిన ఇంజనీరుకు లోపం కనబడదు. రాత్రి షిఫ్టు కార్మికుని హాజరు మాత్రం గల్లంతవుతుంది.

అప్పుడప్పుడు కనబడే లోపం లేని లోపం కాదు. తీసిన వేళనూ, చేరిన వేళనూ విడివిడిగా భద్రపరచి, రెండింటినీ సరిపోల్చి, లోపం వచ్చే వేళకే పరీక్షించాలి. ఆ శ్రమ తప్పించుకొని కూలీని అబద్ధీకునిగా చిత్రించడాన్ని మేము గర్హిస్తున్నాము.

పక్షం దాటకుండా కూలి చెల్లించాలని 2005 చట్టం శాసించింది. యంత్రాన్ని శంకించాలని చట్టంలో లేకపోవచ్చు. శ్రామికుని శంకించాలని అసలే లేదు. ప్రతి పనిచోటా కాగితపు మస్టరు ఉండాలి. వివాదం వస్తే ముందు కూలి, తరువాతనే విచారణ. ఇదే మా డిమాండు!