వెలగట్టిన వేట

ఆఫ్రికాఖండపు దక్షిణభాగమున వేటయాత్రలు నడపు సంస్థలు తమ అతిథులకు ముందుగా ఒక ధరల పట్టిక నిచ్చుచున్నవి. అడవిదున్న కింత, సింహమున కింత, ఏనుగున కింత యని యందు వ్రాసియుండును. బస, భోజనము, వాహనము, అడుగుజాడలు తీయువారు, ప్రక్కన తుపాకితో నిలుచు వృత్తివేటగాడు, అన్నియు సిద్ధము. అతిథి జట్టుతో బయలుదేరి, చూపినచోట గురిపెట్టి మీట నొక్కిన చాలును. గురి తప్పి గాయపడిన మృగము పొదలలో దూరినచో దానిని వెదకుచు ముందు నడచువారు ఆ జీతగాండ్రే. పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్న సామెత ఇచ్చట మృగమునకే గాక కూలివానికిని చెల్లుచున్నది.

ఈ యాత్రలను గూర్చి మన నగరపు విద్యావంతుల గోష్ఠులలో సైతము ముచ్చట వినవచ్చుచున్నది. "ఆ సొమ్మే గదా అచ్చటి అడవులను బ్రతికించుచున్నది" యని సమర్థించు మిత్రులును గలరు. ఈ వాదమును విచారింపక త్రోసివేయుట న్యాయము గాదు. విచారణకు ధర్మపురి అడవులకంటె తగిన సాక్షి మనకు లేదు.

1965వరకు సేలము జిల్లాలో భాగమైన ఈ సీమలో పెన్నాగరము, చిన్నారు అడవులును, ఇప్పుడు కృష్ణగిరి జిల్లాలో చేరి నేటికిని తెలుగు వినబడు డెంకణికోట, జవళగిరి ప్రాంతములును ఒకప్పుడు వేటగాండ్రకు ప్రసిద్ధములు. బెంగుళూరు నివాసి కెన్నెత్ ఆండర్సన్ 1954లో ప్రకటించిన తన తొలి గ్రంథమున జవళగిరి ఆడుపులి కథను, అప్పటి మన చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథను వ్రాసెను. అవి మనుష్యులను తిన మరగిన పులులు. వానిని చంపుటకు ప్రజల మొర కారణము. అడవివిద్యలో తనకు తోడైన చిన్నారు తీరపు పూజారి బైరాను ఆయన పేరుపెట్టి కొనియాడెను. ధరల పట్టికలో అట్టి మొరయు లేదు, అట్టి పేరును లేదు.

వేటను వర్ణించి పెద్దన మనుచరిత్రకు శోభ గూర్చెను. మనువు దానినే కామజములైన వ్యసనములలో మొదట లెక్కించెను. ఒకరు రసమును జూచిరి, ఒకరు ఫలమును జూచిరి. మన శాసనకర్తలు రెండవ మార్గము ననుసరించిరి. 1970లో పులివేట నిషిద్ధమయ్యెను. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము లైసెన్సు వేటకు కొంత చోటు మిగిల్చినను, 1991నాటి సవరణ దానిని గూడ మూసివేసెను. మనుష్యప్రాణమునకు అపాయకరమైన మృగమును, పట్టుటకు గాని తరలించుటకు గాని వీలులేనప్పుడు మాత్రమే, కారణములు వ్రాసియిచ్చిన యాజ్ఞతో చంపించుటకు పదునొకండవ సెక్షను అధికారికి వీలు గల్పించుచున్నది. అనగా రక్షణకొరకైన వేటను చట్టము అంగీకరించినది, వినోదముకొరకైన వేటను నిరాకరించినది.

అయినను నిషేధమొక్కటే అడవిని కాపాడెనని చెప్పజాలము. దొరలు పోయిన అడవిలో దొంగలు దూరిరి. దంతములకై ఏనుగులను చంపిన వీరప్పన్ 2004లో ధర్మపురి జిల్లా పాప్పారపట్టి సమీపముననే హతుడయ్యెను. 2023 మార్చిలో అదే జిల్లాలోని మారండహళ్లి వద్ద, పొలమునకు అక్రమముగా విద్యుత్తు పారించిన కంచె తగిలి మూడు ఏనుగులు మరణించినవి. రెండు గున్నలు దిక్కులేనివై మిగిలినవి. కంచె కట్టుట నేరమే. కాని రాగిచేను ఒక్కరాత్రిలో నేలమట్టమగునను భయముతో నిదురలేని రైతునకు ఏనుగు అడవిసంపదగా కనబడునా?

ఆఫ్రికా వాదములో సత్యమున్నచో అది ఈ ప్రశ్నయందే యున్నది. నమీబియా 1996నాటి చట్టసవరణతో గ్రామసమాజములకు వన్యమృగములపై హక్కును, వేటవలని ఆదాయమును ఒసగెను. బోట్స్వానా 2014లో వేటను నిషేధించి 2019లో తిరిగి అనుమతించెను. కెన్యా మాత్రము 1977నుండి నిషేధమునందే నిలిచి, చూడవచ్చువారి సొమ్ముతో కాలము గడుపుచున్నది. చూడవచ్చువారు చేరని మారుమూలలలో వేట సొమ్ము ప్రయోజనకారి కావచ్చును. ఏ మార్గము మేలో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము ఆ ప్రజలది. ఈ దృష్టాంతములు తెలుపునది ఒక్కటే. మృగముల ప్రక్కన బ్రదుకువానికి పాలు లేనిదే మృగము బ్రదుకదు. గోడకు సింహపు తల తగిలించుకొన గోరువాడు ఆ పేదవాని అవసరమును తన కోరికకు ముసుగుగా కప్పుకొనుట మాత్రము తగదు.

అడవిని నిజముగా బ్రదికింప దలచిన మిత్రులకు పని దగ్గరనే యున్నది. న్యాయవాది పంట నష్టపోయిన రైతునకు పరిహారపు అర్జీ వ్రాసిపెట్టగలడు. ఇంజనీరు ప్రాణహానిలేని కంచెను నేర్పగలడు. ఆ పరిహారము మరుపంట విత్తులోగా చేతికందునట్లు ప్రభుత్వమును మనమందరము అడుగగలము. ఇందులో గోడకు తగిలించుటకు తలయేదియు దొరకదు. రైతు రాత్రి నిదురించును, గున్న తల్లివెంట నడచును. ఆ లాభము మన విద్యావంతులకు చాలదా?